నేనక్కడ లేనని చెప్పిన వీధి

పుట్టిన ఊళ్ళో బతకడానికి ఏడాదికోసారి దరఖాస్తు పెట్టుకునే మనిషిని నేను. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఇంగ్లండు చేరి, అక్కడి ముసలివాళ్ళ వార్డుల్లో నడుము విరగ్గొట్టుకున్నాను. నలుగురూ చెబితే అక్కడి పాస్‌పోర్టు కూడా తీసుకున్నాను. రిటైరై బూర్గంపాడు తిరిగొచ్చేసరికి, మన ప్రభుత్వానికి నేను పరాయిదాన్నయ్యాను. ఊరి మీద మమకారంతో వచ్చానని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. ఆమెకు నేను తప్ప, నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. అందుకని వచ్చాను.

మన మూలాలున్నవాళ్ళకు ఏదో కార్డు ఇస్తారని అన్నారు. దానికి నేనిక్కడే పుట్టానని రుజువు కావాలట. ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ గోదావరి ఎప్పుడో వరదలో పట్టుకుపోయింది. కాబట్టి ప్రతి ఏడూ ఖమ్మం బస్సెక్కి, విదేశీయుల సంగతి చూసే గది ముందు బల్ల మీద కూర్చోవాలి. ఫోటోలో నా వెనక తెల్లగా ఉండాలని షరతు. భద్రాచలం స్టూడియోలో తెరల మీద ఉన్నవన్నీ జలపాతాలూ, తాజ్‌మహళ్ళూ. చివరికి ఆ ఫోటోగ్రాఫర్ తన తెల్ల పంచె నా వెనక తెరలా కట్టి తీశాడు.

ఖమ్మం ఆఫీసులో గుమాస్తా నన్ను ఎగ్జిబిషన్‌లో పెట్టిన వస్తువులా చూసేవాడు.

“మీ దేశంల చలి మస్తుంటదంట గదమ్మా?”

“మా దేశంలో చలి మా ఊరి పక్క సారపాకలో కూడా ఉంటుంది నాయనా,” అన్నాను ఒకసారి. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేవాడైతే ఆ కుర్చీలో ఎందుకుంటాడు!

ఇక మా వీధి సంగతి. పొద్దున్నే అక్కకు ఒళ్ళు తుడిచి, జావ పట్టాక అరుగు మీద నా వైద్యం మొదలయ్యేది. ఆడవాళ్ళంతా బీపీ చూపించుకునేవారు. రోజూ ఒకటి వేసుకోమని గోళీలిస్తే, తలనొప్పి వచ్చిన రోజు మాత్రం తాము మింగి, మిగతావి మొగుళ్ళకు పంచేవారు. నోరు నొప్పెట్టేదాకా తిట్టేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నన్ను ఫారినమ్మ అనేవారు, చాటుగా కాదు, ముఖం మీదే.

ఒక ఏడు ఆ ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. అడవి అంచున ఒంటరి విదేశీ ఆడమనిషి ఏం చేస్తున్నట్టని ఆయనకు అనుమానం. నేను చెప్పిన ఇంట్లోనే ఉంటున్నానని స్థానిక పోలీసులు రాసిస్తేనే పొడిగింపు, లేకపోతే గడువులోగా దేశం వదిలిపోవాలన్నాడు. నేను పోతే అక్క నోట్లో ముద్ద పెట్టేదెవరు? ఆ ప్రశ్న ఏ దరఖాస్తులోనూ లేదు.

కొన్నాళ్ళకు ఖమ్మం వెళితే గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

“మీరు ఆడ ఉంటలేరంట గదమ్మా. కానిస్టేబుల్ పోయి అడిగి వచ్చిండు. ఆ పేరుగల్ల మనిషే లేదని వీధి వీధంత చెప్పిందంట.”

బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్ళు మండిపోయింది. దిగీ దిగగానే పక్కింటావిడ మీద పడ్డాను.

“పొద్దున నా చేతిలోంచి గోళీ తీసుకున్నావు. మధ్యాహ్నానికే నేనెవరో తెలియకుండా పోయానా వదినా?”

ఆమె కంగారు పడలేదు. చేటలో బియ్యం చెరుగుతూనే అంది: “పేరు పెట్టి అడిగిండు వదినా. మామూలు బట్టలల్ల వచ్చిండు. పేరు పెట్టి అడిగెటోడు మంచికి అడుగుతడా? నిన్ను కాపాడినం.”

నేను లేని రోజుల్లో పగలు పోలీసులు వచ్చేవారు, చీకటి పడితే అడవిలోంచి అన్నలు. ఎవరు ఎవరి గురించి అడిగినా తెలియదనడమే క్షేమం. నేను ఇంగ్లండులో టీవీ ముందు కూర్చుని రేపు వాన పడుతుందా లేదా అని చూసుకున్న ఏళ్ళలో వీళ్ళు నేర్చుకున్న చదువు ఇది. సరే, స్టేషన్‌కొచ్చి నిజం చెప్పండి అంటే ఒక్కరూ కదల్లేదు. టీ కొట్టు ఆయనైతే, “అమ్మా, నీ కోసం పానమిస్త గానీ స్టేషన్ గడప తొక్క,” అన్నాడు. ప్రాణం నేనేం చేసుకోను! ఇంత ప్రేమా కలిసి నన్ను విమానమెక్కించేటట్టుంది.

నేనే స్టేషన్‌కు పోయి బతిమాలాను. నా జన్మలో అంత దీనంగా ఎవరినీ అడగలేదు. నాలుగు రోజుల్లో కానిస్టేబుల్‌ను మళ్ళీ పంపుతామన్నారు. ఆ నాలుగు రోజులూ ఇంటింటికీ తిరిగి, ఉందని చెప్పండి, ఒక్క మాట, అని పిల్లలకు పద్యం చెప్పినట్టు చెప్పాను. అక్కకు కూడా చెప్పాను. తల ఊపితే చాలన్నాను.

కానిస్టేబుల్ ఈసారి ఖాకీలో వచ్చాడు. బండి చప్పుడుకే టీ కొట్టు మూతపడింది. వదిన తన మేకను జన్మలో ఎప్పుడూ చూడనట్టు దాన్నే చూస్తూ నిలబడింది. సిగ్గులేని జనం అని పళ్ళు కొరుక్కుంటూ అతన్ని లోపలికి తీసుకొచ్చాను.

అతను అక్క మంచం మీదికి వంగాడు. “అవ్వా, గీమె నీకేమైతది? ఈడనే ఉంటదా?”

అక్క ఖాకీ చొక్కా వైపు చూసింది. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

“లే... దు,” అంది. నెలల తరబడి నీళ్ళు కావాలని కూడా పలకలేకపోయిన మనిషి. “ఎవ్వ... రు... లేరు.”

అక్కా, అవునని చెప్పవే, అన్నాను. ఆమె నా మాట వినలేదు. గోళ్ళు దిగేటట్టు పట్టుకుని, మంచానికి అవతల, గోడ వైపు నన్ను లాగుతోంది. తన వెనక దాచాలని.

“ఏందవ్వా, చెయ్యి గట్ల పట్టుకున్నవ్, ఎవ్వరు లేరంటవ్?” అన్నాడతను.

ఆమె మళ్ళీ తల అడ్డంగా ఊపింది. ఇంకా గట్టిగా లాగింది.

అతను నా మణికట్టులో దిగిన ఆ గోళ్ళ వైపు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు. “అవ్ అమ్మా, ఈడనే ఉంటున్నరని రాస్త,” అన్నాడు నాతో, మెల్లగా.

వీధి వీధంతటినీ కడిగేద్దామని మాటలు కూడగట్టుకుని ఉన్నాను. వాటి బదులు ఏడ్చాను. అతను వెళ్ళి బండి చప్పుడు మలుపు దాటేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు.