మీరేవిట్లమ్మా?

డెబ్బైల మొదట్లో నేను బెజవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేరాను. నా పక్క సీటులో ఉన్నావిడ నాకన్నా రెండేళ్ళు పెద్ద. ట్రంకు కాల్స్ కలిపే బోర్డు మీద ఆమె వేళ్ళు చకచకా కదులుతుంటే చూస్తూ పని నేర్చుకున్నాను. మొదటివారంలోనే, టీ తాగుతూ, అందరూ అడిగే ప్రశ్నే ఆమె కూడా అడిగింది.

"మీరేవిట్లండీ?"

మా నాన్న ఉయ్యూరు దగ్గరి పల్లెలో మిషన్ బడి పంతులు. నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజు ఆయన చెప్పింది ఒకటే: "అడక్కపోతే చెప్పకు. అడిగితే మాత్రం అబద్ధమాడకు." అందుకని చెప్పాను.

"మాది మాలపల్లండీ. మా తాత కాలంలో క్రైస్తవంలోకి వచ్చాం."

ఆమె గ్లాసు కింద పెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. "మేం కమ్మవాళ్ళం. మా ఇల్లు పటమట," అంది. మళ్ళీ తనే, "అడిగానని ఏవనుకోకండి. అలవాటైపోయింది, నోటికి ముందు అదే వస్తుంది," అని నవ్వింది. ఆ నవ్వుతోనే మేం స్నేహితులమయ్యాం. నెల తిరక్కుండా మీరు పోయి నువ్వు వచ్చింది. తన భర్త భిలాయిలో పనిచేస్తాడనీ, క్వార్టర్సు రాగానే వెళ్ళిపోతాననీ చెప్పేది.

ప్రత్యేకాంధ్ర గొడవల్లో ఊళ్ళో కర్ఫ్యూ పెట్టిన రోజులవి. ఒక మధ్యాహ్నం కాసేపు సడలించారు. నేనుండే లేడీస్ హాస్టలు గుణదలలో. ఆ వైపు రావడానికి ఏ రిక్షావాడూ ఒప్పుకోలేదు. "మా ఇంటికి రా, రేపు వెళ్దువుగాని," అని నా స్నేహితురాలు నన్ను తన రిక్షాలో ఎక్కించుకుంది. బెంజి సర్కిల్ దాటాక సంచిలోంచి తిలకం సీసా తీసి, నా గడ్డం పట్టుకుని, నుదుట బొట్టు పెట్టింది. మా ఇళ్ళలో బొట్టు పెట్టుకోం. ముద్దుకి పెట్టిందనుకుని ఊరుకున్నాను.

వాళ్ళది పెంకుటిల్లు, ముందు వాకిలి, పక్కన గేదెల కొట్టం. వాళ్ళమ్మ పాలు పితికి చెంబుతో లోపలికొస్తోంది. గట్టి మనిషి. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి, గేదెల మీద ఇల్లు నడుపుతోందని తర్వాత తెలిసింది. నన్ను తేరిపార చూసింది.

"ఎవరే ఈ అమ్మాయి? ఏవిట్లమ్మా మీరు?"

నేను నోరు తెరిచేలోపే నా స్నేహితురాలు అందుకుంది. "మనవాళ్ళే అమ్మా. ఉయ్యూరు పక్క." నోటికొచ్చిన ఇంటిపేరు కూడా ఒకటి చెప్పేసింది.

"అయితే అలా గుమ్మంలో నిలబడతావేవే? లోపలికి రా," అంది ఆవిడ.

వంటింట్లో పీట వేసింది. ముద్దపప్పు, గోంగూర, మీగడ పెరుగు. నేను సిగ్గుపడుతున్నాననుకుని పక్కనే కూచుని కలిపి పెట్టింది. "ఎండిపోయావే తల్లీ, హాస్టల్లో ఏం పెడతార్రా మీకు?" అంటూ నెయ్యి ఇంకాస్త వేసింది. నాకు మా అమ్మ లేదు. చిన్నప్పుడే పోయింది. ఆవిడ చేతి ముద్ద గొంతు దిగుతుంటే ఒక పక్క ఏడుపు, ఒక పక్క భయం. అంత రుచిగా అన్నం నేను ఎప్పుడూ తినలేదు. అంత వణుకుతూనూ తినలేదు.

మర్నాడు డ్యూటీలో రెస్టు రూముకి రాగానే అడిగాను. "ఎందుకలా చెప్పావు?"

"నిజం చెబితే నీకు అరుగు మీద ఆకు వేసేది. నేను చూడలేను."

"లోపల కూచుని తిన్నది నేను కాదు కదా. నువ్వు చెప్పిన ఆ ఇంటిపేరు పిల్లెవరో ఆమె తింది."

ఆమె మొహం వాడిపోయింది. "అబద్ధాలు నాకు అలవాటైపోయాయే," అంది. "భిలాయి లేదు, క్వార్టర్సూ లేవు. ఆయన మైలవరంలో ఇంకో ఆవిడతో ఉంటున్నాడు. నాలుగేళ్ళయింది నన్నొదిలేసి. మొగుడొదిలేసిందంటే ఇక్కడ ఒక్కొక్కళ్ళు ఎలా చూస్తారో నాకు తెలుసు. అందుకని ఎవరేమడిగినా, వాళ్ళకి నచ్చేది చెప్పేస్తాను. నీ గురించీ అలాగే వచ్చేసింది."

ఆ రోజు మేమిద్దరం ఒకరి చేతులొకరు పట్టుకుని కూచున్నాం. ఆమె అంత నిజం నాకు చెప్పింది గనక, వాళ్ళమ్మకి చెప్పేద్దామని నేను పట్టుబట్టలేకపోయాను.

గొడవలు సద్దుమణిగాక కూడా వాళ్ళమ్మ నన్ను రమ్మని కబురు చేసేది. వెళ్ళేదాన్ని. ఆవిడ పెద్దమ్మా అని పిలిపించుకునేది. తలకి నూనె పెట్టి జడేసేది. తన పెళ్ళినాటి సంగతులూ, కాలవలో కొట్టుకుపోయిన కొడుకు సంగతీ నాకు చెప్పింది. ఆ కొడుకు గురించి కూతురితో కూడా మాట్లాడదట. "నీతో ఎందుకో చెప్పబుద్ధవుతుందే," అంది. ఆవిడ అన్నీ నిజాలే చెబుతోంది, నేను ఇంటిపేరు కూడా మార్చుకుని వింటున్నాను.

వేసవి రాకముందు ఒక ఆదివారం ఆవిడ ఉత్సాహంగా, "నీకో సంబంధం చూశానే. మా అన్న కొడుకు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. మీ నాన్నగారితో మాట్లాడ్డానికి నేనే వస్తాను," అంది.

వెనక నుంచి నా స్నేహితురాలు సైగ చేస్తోంది, ఏదో చెప్పి తప్పిస్తాలే అని. నా వల్ల కాలేదు.

"పెద్దమ్మా, మేం మీ వాళ్ళం కాదండీ. క్రిస్టియన్లం. మాది మాలపల్లి."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. నవ్వబోయి ఆగిపోయింది. కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకుంది. కొట్టంలో కట్టిన గేదె ఒకటే అరుస్తోంది, ఎవరమూ లేవలేదు.

చివరికి ఆవిడ అంది, "ఎందుకు చెప్పావే? చెప్పకుండా ఉంటే నాకింకో కూతురుండేది."

తిట్టి ఉంటే బాగుండేది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. ఆవిడ నన్ను ఆపలేదు.

ఆ తర్వాత ఏడాది పైగా ఆ వీధి మొహం చూళ్ళేదు. నా స్నేహితురాలు మాత్రం రోజూ నా పక్కనే కూచునేది. ఇంటి సంగతి ఆమె ఎత్తేది కాదు, నేను అడిగేదాన్ని కాదు. ఒక పొద్దున డ్యూటీకి వస్తూనే నా దగ్గరికొచ్చి, "అమ్మకి కడుపులో పుండట. పెద్దాసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. నిన్ను తీసుకురమ్మంటోంది," అంది.

వసారాలో మంచం మీద పడుకుని ఉంది. ఆ గట్టి మనిషి కాస్తా చీరలో చుట్టిన ఎముకల్లా మిగిలింది. నన్ను చూసి, మంచం పక్కనున్న స్టూలు చూపించింది. ఏమని పిలవాలో తెలీక ఊరికే కూచున్నాను.

"పెద్దమ్మా అని పిలవ్వేం?" అంది.

పిలిచాను.

"నువ్వెళ్ళాక నువ్వు తిన్న కంచం బయట పెట్టించాను. రోజూ గేదెలకి కుడితి పెట్టేటప్పుడు కనపడేది. నువ్వే గుర్తొచ్చేదానివి. లోపల పెట్టుకుందామనుకునేదాన్ని. చెయ్యి రాలేదే. మనసుకి నువ్వు కావాలి, చేతికి మాత్రం రాదు. పుట్టినప్పట్నుంచీ అలా పెంచారు మమ్మల్ని."

ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కూతురు మందు కోసం లోపలికెళ్ళింది. గూట్లో మంచినీళ్ళ మరచెంబు ఉంది. నేను లేచి అది అందుకుని, "నా చేత్తో కాసిని మంచినీళ్ళు తాగుతారా, పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదకి కారిపోయాయి.

"అడక్కమ్మా," అంది. "నా వల్ల కాదు. పోయే ముందర నీతో అబద్ధమాడలేను."

నేను మళ్ళీ కూచున్నాను. కోపం రాలేదని చెప్పను, వచ్చింది. చెంబు నేలకేసి కొడదామన్నంత వచ్చింది. కానీ లేచి వెళ్ళబుద్ధి కాలేదు. కూతురొచ్చి చెంచాతో నీళ్ళు పోసింది. నేను సాయంత్రం దాకా ఆ స్టూలు మీదే ఉన్నాను. ఆవిడ కాలవలో పోయిన కొడుకు గురించి మళ్ళీ చెప్పింది. వాడికి ఈత రాదని తనకి తెలుసనీ, ఆ రోజు తనే వాణ్ణి కాలవ దగ్గరికెళ్ళి ఆడుకోమందనీ. ఆ మాట మటుకు ఇంతకు ముందు చెప్పలేదు.

నాలుగు రోజులకి పోయింది. కబురు తెలిసి వెళ్ళాను. బంధువులు వాకిలి నిండా ఉన్నారు. నేను గేటు బయట, ఆవిడ దగ్గర పాలు పోయించుకునేవాళ్ళ మధ్య నిలబడ్డాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. పాడె కదిలేటప్పుడు నా స్నేహితురాలు ఆడవాళ్ళని తప్పించుకుని బయటికొచ్చి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చూసినవాళ్ళు చూశారు.

మైల తీరాక ఆమె ఎక్స్ఛేంజికి వచ్చిన రోజున ఎవరో పరామర్శ చేస్తూ, "మీవారు భిలాయి నుంచి వచ్చారా?" అని అడిగారు. "భిలాయిలో ఎవరూ లేరండీ. ఆయన నన్ను ఎప్పుడో వదిలేశారు," అని చెప్పి హెడ్‌సెట్ పెట్టుకుంది. ఆ పైన కొందరు ఆమెతో మాటలు తగ్గించారు. మరుసటేడు అడిగి మరీ బందరు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు వస్తూ పోతూ ఉన్నాం, తర్వాత అదీ తగ్గింది.

పెద్దమ్మ చనిపోయిన నెలలోనే ఊరెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను, అబద్ధపు ఇంటిపేరుతో సహా. ఆయన కండువా ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నారు.

"చచ్చేటప్పుడు కూడా నీ చేతి నీళ్ళు ముట్టని మనిషి కోసమా ఏడుస్తున్నావు?" అన్నారు.

"అవును నాన్నా."

"అదేం ప్రేమ?"

నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు, ఇప్పటికీ. ఆయన ఏడవద్దని మాత్రం అనలేదు. నా ఏడుపు అయ్యేదాకా అక్కడే, నా ఎదురుగానే, కూచుని ఉన్నారు.