గంగమ్మకు పెట్టిన బొట్టు

మొన్న పొద్దున్నే సామర్లకోట నుంచి ఫోనొచ్చింది, పిన్నిగారు పోయారని. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. కాకినాడలో మేముంటున్న ఈ ఇల్లు మాకు అమ్మినావిడ. అయినా సొంత పిన్ని పోయినట్టే ఏడ్చాను.

అప్పట్లో మా పేటలో ఏటా వానలకి ఇళ్లలోకి నీళ్లొచ్చేవి. ధరలు ఏటికేడు పడిపోతున్నాయి. ఆ సంగతి తెలియకుండా, బదిలీ మీద వచ్చి ఎండాకాలంలో ఇల్లు వెతుక్కుంటున్న అమాయకులం మేము. పిన్నిగారికేమో బాబాయిగారి గుండె ఆపరేషన్‌కి డబ్బు కావాలి. బ్రోకరు గోడలకి సున్నం కొట్టించి మరీ మమ్మల్ని తీసుకొచ్చాడు. ఇల్లు మల్లెపువ్వులా ఉంది.

బేరం కుదిరిపోతుందనగా పిన్నిగారు లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చారు. నాకు బొట్టు పెడతారనుకుని మొహం ముందుకు పెట్టాను. ఆవిడ నన్ను దాటి వెళ్లి, గోడకి మోకాలెత్తున ఒక బొట్టు, దాని కింద ఇంకోటి, ఆ కింద మరోటి పెట్టారు.

"నీళ్లు ఎంతవరకొస్తే అక్కడ బొట్టు పెట్టేదాన్నమ్మా. ఇంటికొచ్చిన గంగమ్మని ఉత్తినే పంపిస్తామా? ఈ బ్రోకరు వాటిమీద సున్నం కొట్టించేశాడు" అన్నారు.

బ్రోకరు తల పట్టుకున్నాడు. అరుగు మీద కూర్చున్న పక్కింటాయన, "మీ మూలంగా మా ఇళ్లు కూడా ఎవరూ కొనరండి!" అని లేచాడు. పాపం, ఆయన బాధ ఆయనది.

"లాభం వద్దని ఎవరన్నారండీ? వీళ్లు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి నన్ను తిట్టుకుంటుంటే, ఆ డబ్బుతో చేయించిన వైద్యం మా ఆయన ఒంటికి పడుతుందా?" అన్నారు పిన్నిగారు.

మట్టి పోయించి నేల మెరక వేయించుకునే ఖర్చు ధరలో తనే తగ్గించి ఇల్లు మాకే ఇచ్చారు. బాబాయిగారి ఆపరేషన్ కాస్త ఆలస్యంగా, ఆవిడ తమ్ముడి సాయంతో అయింది. వాళ్లు మాత్రం మళ్లీ సొంతిల్లు అమర్చుకోలేకపోయారు. ఎప్పుడెళ్లినా, ఆడపడుచు కబురడిగినట్టు, "గంగమ్మ వచ్చిందా?" అనేవారు.

మెరక వేశాక కింది బొట్లు మట్టిలో కలిసిపోయాయి. పైది ఒక్కటే గచ్చుకి జానెడెత్తున మిగిలింది. పెద్ద వానొస్తే నీళ్లు ఇప్పటికీ అంతవరకూ వస్తాయి.

ఇప్పుడు మాకు మళ్లీ బదిలీ. ఇల్లు అమ్మకానికి పెట్టాం. "ఆ బొట్టు మీద కాస్త రంగేయించండి మేడమ్" అంటున్నాడు కొత్త బ్రోకరు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

పిన్నిగారిని సాగనంపి వచ్చి, స్నానం చేసి కూర్చున్నానో లేదో, ఇల్లు చూడ్డానికి ఓ కొత్త జంట వచ్చింది. ఆ అమ్మాయి గోడ దగ్గర వంగి, "ఇదేంటండి, ఇక్కడ బొట్టు?" అంది.

భరిణె తెచ్చి, వెలిసిపోయిన ఆ బొట్టుని ఎర్రగా దిద్ది, "కూర్చోమ్మా, చెబుతాను" అన్నాను.