అధిక మాసంలో ఒక విచారణ

దోహాలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ముగిసిన మరుసటి ఏడాది, 2023 మొదట్లో, నన్ను అక్కడి మన రాయబార కార్యాలయానికి డిప్యుటేషన్ మీద పంపారు. పోలీసు ఇంటెలిజెన్స్‌లో నా సర్వీసు చాలావరకు ఒకే పనిలో గడిచింది. నామినేటెడ్ పదవులకు ప్రభుత్వం ఎంచుకున్నవారి పూర్వాపరాల విచారణను పర్యవేక్షించడం ఆ పని. దాన్నే మేం సెక్యూరిటీ క్లియరెన్స్ అంటాం. నచ్చినవాణ్ని ఎంచుకోవడం ప్రభుత్వం ఇష్టం. అతని చేతికి రహస్యాలు ఇవ్వవచ్చా లేదా అన్నది మేం తేల్చాలి.

చాలామంది ఈ విచారణ అంటే కేసులున్నాయా లేవా అని చూడటమే అనుకుంటారు. అది చిన్న భాగం. అసలు ప్రశ్న వేరు: ఈ మనిషిని ఎవరైనా లొంగదీయగలరా? అప్పుతోనో, భయంతోనో, దాచిన విషయంతోనో? అందుకే చివరి మెట్టు ముఖాముఖి. అక్కడ తప్పు చేశానని చెప్పినవాడు చాలాసార్లు గట్టెక్కుతాడు. అబద్ధం చెప్పినవాడు గట్టెక్కడం కష్టం.

ఆ జూన్‌లో ఒక ఫైలు వచ్చింది. గల్ఫ్ కార్మికుల సంక్షేమం కోసం మన రాష్ట్రం ఏర్పాటు చేస్తున్న సలహా సంఘంలో సభ్యుడిగా లింబాద్రి అనే ఆయన పేరు ప్రతిపాదించారు. నిజామాబాద్ వైపు మనిషి. కూలీగా వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియాలో పరంజాలు కట్టే కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరయ్యాడు. క్యాంపుల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆయన ఫోనే మోగేది. సభ్యుడైతే కార్మికుల రహస్య ఫిర్యాదులన్నీ ఆయన చేతుల మీదుగా పోతాయి. కాబట్టి క్లియరెన్స్ తప్పనిసరి. ఆగస్టు మొదటి వారం దాటితే ఆ పేరు జాబితాలోంచి పోతుంది.

విచారణ చేసింది నా సహాయకుడు ఖాదర్. జగిత్యాలవాడు, దోహాలోనే నజ్మా పేటలో కాపురం. పరాయి దేశంలో మేం తలుపులు తట్టకూడదు, సాక్షులనెవరినీ పిలిపించకూడదు. మన పౌరులు తమంతట తాము వచ్చి మాట్లాడితేనే వినాలి. ఖాదర్ ఆ నియమం దాటకుండానే లింబాద్రితో ఒకప్పుడు గది పంచుకున్నవాళ్ళతో, ఒకే మెస్సులో తిన్నవాళ్ళతో మాట్లాడాడు.

"ఆద్మీ సాఫ్ హై సాబ్, ఏ మచ్చ లేదు," అన్నాడు. "గానీ ఇంటర్వ్యూకు మాత్రం దొరుకుతలేడు."

మూడుసార్లు తేదీ ఇచ్చాం. మొదటిసారి జ్వరమన్నాడు. రెండోసారి డ్యూటీ వదల్లేదన్నాడు. మూడోసారి బండి చెడిపోయిందన్నాడు. జ్వరమన్న రోజు పొద్దున్నుంచీ సైట్‌లోనే ఉన్నాడని తోటివాళ్ళే మాటల్లో చెప్పేశారు. ఖాదర్ ఇష్టం లేకుండానే రాశాడు: 'సహకరించడం లేదు. ఏదో దాస్తున్నట్టుంది.' దాని కింద నేను సంతకం పెడితే లింబాద్రి పదవి పోవడమే కాదు, ఆ మచ్చ ఆయన పేరుతో ఎప్పటికీ ఉంటుంది. పెట్టకపోతే, అబద్ధం చెప్పినవాణ్ని దాటించినవాణ్ని అవుతాను.

అభ్యర్థి ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి బయట మాట్లాడే వీలు పర్యవేక్షకుడికి ఉంది. కాకపోతే అది ముఖాముఖి కింద లెక్కకు రాదు. ఆ మాటే చెప్పించి, శుక్రవారం మధ్యాహ్నం నజ్మాలోని ఒక హోటల్‌కు టీకి రమ్మన్నాను. ఖాదర్‌ను కూడా వెంట తీసుకెళ్ళాను. లింబాద్రి వెంటనే వచ్చాడు. బక్కపలచని మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం.

"టీకి వచ్చారు, ఇంటర్వ్యూకు ఎందుకు రారు?" అని అడిగాను.

"గిది ఛాయే గద సార్," అన్నాడు. ఆగి, ఖాదర్ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అధిక మాసం నడుస్తుంది. కొత్త పని మొదలువెట్టద్దు."

ఆ ఏడు అధిక శ్రావణం వచ్చిన మాట నిజమే. చాంద్రమానానికీ సౌరమానానికీ వచ్చే తేడా సర్దడానికి మనుషులు కలిపిన నెల అది. లెక్క కోసం పుట్టిన నెలకు శుభమేమిటి, అశుభమేమిటి? నా ఒళ్ళు మండింది.

"ఆ ముక్క ముందే చెబితే పోయేది కదా! జ్వరమెందుకు, బండెందుకు?"

"మీకా సార్, చెప్పేది?" అన్నాడు. "ఉగాది మీటింగుల మైకు వట్టుకొని పంచాంగం చెప్పేటోళ్ళను ఎట్ల ఉతికిండ్రు! అందరు చప్పట్లు గొట్టిరి. నేను గుడ కొట్టిన. గా రోజు పంచాంగం చదివిన మా పంతులును స్టేజీ మీదికి తెచ్చిందే నేను."

ఖాదర్ టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ముహూర్తం అంటే మీరు ఫైల్ల నెగటివ్ రాస్తరని బుగులైంది సార్."

అయినా గడువు గడువే. పంచాంగం కోసం ప్రభుత్వ తేదీని జరపమని నేను పైకి రాయనని తేల్చి చెప్పాను. లింబాద్రి తల దించుకున్నాడు. "అయితే పోనియ్యిండ్రి సార్. క్యాంపోళ్ళు ఆశ వెట్టుకున్నరు గని..." అన్నాడు.

శాస్త్రులను శాస్త్రంతోనే ఓడించడం మన సంస్కర్తలు నేర్పిన విద్య. కుర్రతనంలో ఆ వాదాలు వల్లించినవాణ్ని. ఇక్కడా ఒక వాదం నా నాలుక మీదికి వచ్చింది. కానీ క్లియరెన్స్ ఇచ్చే అధికారి ముహూర్తాలు చెప్పకూడదని నోరు మూసుకున్నాను. ఆ సంకోచం ఖాదర్‌కు లేదు.

"లింబాద్రన్నా, నీ ఫైల్ ఎప్పుడు తెరిచిన్రు? జూన్‌ల. అప్పుడు మీ అధిక మాసం ఉన్నదా?"

"లేదు."

"మరి? షురూ అయిన పని నడ్మ ఆపొచ్చునా మీ దాంట్ల?"

లింబాద్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆపద్దు," అన్నాడు. తర్వాత ముఖం విప్పారింది. "అరే, గిది మా పంతులుకు గుడ తట్టలేదు తీయ్! సార్, ఇప్పుడే ఆఫీసుకు పోదామా?"

శుక్రవారం సెలవని గుర్తు చేయాల్సి వచ్చింది.

ఆదివారం ఉదయం చెప్పిన వేళకు ముందే ముఖాముఖికి వచ్చాడు. చెప్పిన మూడు అబద్ధాలనూ తనే విప్పి చెప్పాడు. కానీ నా ప్రశ్న ఒకటి మిగిలింది. పంతులు గీసిన గీత దాటని మనిషిని ఆ పంతులు లొంగదీయలేడా? నమ్మకం మాట ఎత్తకుండా సూటిగా అడిగాను.

"సంఘం పని మొదలుపెట్టడానికి మంచి రోజు పంతులుగారిని అడుగుతారా?"

"అడుగుత సార్. వారం, తిథి అడుగుత."

"ఎవరి పని, ఏం పని అని ఆయన అడిగితే?"

"ఫోన్ పెట్టేస్త. ముహూర్తం ఇంకో పంతులు పెడ్తడు. నన్ను నమ్మి చెప్పుకున్నోడు ఇంకెవల్కి చెప్పుకుంటడు?"

"కార్మికుడి ఫిర్యాదు వచ్చినప్పుడు మంచి రోజు వారం దాకా లేదంటే?"

ఈసారి కొంచెం నవ్వాడు. "జీతం దొరకనోడు ఫోన్ చేస్తే నేను పంచాంగం చూస్తనా సార్? పదవికి చూసుకున్న, గంతే."

ఖాదర్ సేకరించిన సాక్ష్యాలు మళ్ళీ చదివాను. వేళ కాని వేళ వచ్చిన ఫోన్లకు ఆయన ఎప్పుడూ ఆలస్యం చేయలేదని క్యాంపువాళ్ళు చెప్పినవే అవి. 'అభ్యంతరం లేదు' అని రాశాను. మూడు అబద్ధాలనూ, వాటి కారణాన్నీ దాచకుండా నమోదు చేశాను. ఆ కారణంలో పర్యవేక్షణాధికారి బహిరంగంగా వెల్లడించిన అభిప్రాయాలు కూడా ఉన్నాయని ఒక వాక్యం చేర్చాను. పై అధికారి ఆ వాక్యం కింద గీత గీసి ఆమోదించారు. లింబాద్రి సభ్యుడయ్యాడు.

అధిక మాసం మీద నా అభిప్రాయం ఆ రోజు ఏమిటో ఈ రోజూ అదే. కానీ మనిషి దేన్ని నమ్ముతాడన్నది మా విచారణకు సంబంధించిన ప్రశ్న కాదు. ఎవరికి భయపడి దాస్తున్నాడన్నదే ప్రశ్న. ఆ భయం విచారించేవాడి వల్లే పుడితే, ఫైల్లో కనిపించే అనుమానంలో సగం మా చేతి తయారీయే. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. వేదిక మీద నా మాటలు విన్నవాడెవడైనా అభ్యర్థిగా వస్తే, ముఖాముఖిని మరో అధికారికి అప్పగించి, కాగితాలు మాత్రం నేను చూసేవాణ్ని. వేదికలెక్కడం మానలేదు.