అంకె పలకని ఉరుకుందప్ప

ఆదోని పత్తి మార్కెట్టు ముందర ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకున్న ఉరుకుందప్పకు 2005లో ఒక కొత్త కష్టం వచ్చిపడింది. రాయచూరుకు పోయి కంప్యూటర్ లాటరీ ఆడడం అతను మానేసి నెలలు గడిచినా, జనం అతన్ని మానలేదు. అతనికి ఒకసారి పెద్ద నంబరు తగిలింది. ఆ తర్వాత ఈ బండి తప్ప అన్నీ పోయాయి. జనానికి మొదటిదే గుర్తుంది. అతని నోట ఏ అంకె వస్తే అది పట్టుకుని రాయచూరు రైలెక్కేవారు.

అందుకని అతను అంకెలు పలకడమే మానేశాడు. బజ్జీలెన్నో తిన్నవాళ్లే చెప్పాలి. ధర అడిగితే భార్య సిద్దమ్మ చెప్పేది. ఆమె పొద్దంతా బండి పక్కనే ఉండేది. సాయానికి కొంత, కాపలాకు కొంత. ఎమ్మిగనూరులో చెల్లెలి కాన్పుకు పోవాలని ఉన్నా, అతన్ని ఒంటరిగా వదిలే ధైర్యం చాలక రోజులు నెడుతోంది.

ఆ పొద్దు ఆమె బిందె తీసుకుని వీధి కొళాయికి పోయిన సమయంలో లారీ డ్రైవరు బొజ్జన్న నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, నిన్న నాకు నువ్వు పెట్టిన బజ్జీలు లెక్కేసి ఆడినా. తగిలింది! నీకూ ఒక టికెట్టు తెచ్చినా. మాపటికే డ్రా."

"నాకొద్దప్పా. తీసుకుపో."

"దుడ్లు అడిగినానా? ఊరికే ఉంచుకో."

టికెట్టు బండి చెక్క మీద పెట్టి బొజ్జన్న బెంచీ మీద కూర్చున్నాడు. ఉరుకుందప్ప మిరపకాయలు చీరుతూ అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. కుడిచెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో అప్పుడే తెలిసింది.

"సిద్దీ!" అని మార్కెట్టంతా వినేలా అరిచాడు. "బిందె ఆడనే పెట్టి రా! నా చెయ్యి నా మాట ఇనకుండా ఉండాది!"

ఇన్నాళ్లలో అతనుగా పిలవడం అదే మొదలు. ఎప్పుడూ ఆమే కనిపెట్టి అడ్డం పడేది. పరుగున వచ్చి టికెట్టును చూసింది, మొగుణ్ణి చూసింది.

"రెండు చేతులూ పిండిలో పెట్టు."

మణికట్ల దాకా శనగపిండిలో ముంచి ఉరుకుందప్ప బుద్ధిగా నిలబడ్డాడు. "ఇంగ తియ్యొచ్చునా?"

"ఆయప్పను పోనీ."

"బజ్జీలు పెట్టకుండానే పొమ్మంటావేమి వదినా?" అంటూ బొజ్జన్న టికెట్టు జేబులో వేసుకున్నాడు.

"కడుపు పట్టినన్ని తిను, నేనేసి పెడతా. ఇంకోసారి ఆ కాగితం మా బండి మీద పెట్టినావంటే, నీకే పిండి పూసి బాణలిలో వేస్తా."

బెంచీ మీదున్న వాళ్లంతా నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఉరుకుందప్పే, చేతులు పిండిలోంచి తియ్యకుండానే.

మర్నాడు పొద్దున్నే సిద్దమ్మ సంచీ సర్దుకుంది. బస్టాండుకు పోతూ బండి దగ్గర ఆగి, "చెల్లెలికి కాన్పయ్యేదాకా రాను. తిరగమాతలో కరివేపాకు శానా వెయ్యి, పిసినారితనం చెయ్యొద్దు," అని మాత్రం చెప్పింది.