మంగళూరు బండి

హనుమంతునిపాడులో గొర్రెల బేరగాడు ఏడుకొండలు ముక్కుపొడి పీల్చనిదే ఏ బేరానికీ దిగడు. అరచేతిలో చిటికెడు పోసుకుని, రెండు ముక్కుపుటాల్లోకీ ఎక్కించి, కండువాతో మూతి తుడుచుకున్నాకే ఆయన కన్ను పనిచేస్తుంది. మంగళూరులో పాత మినీలారీనీ అలాగే చూశాడు. టైర్లు గోటితో గీకాడు, బండి కిందికి దూరాడు, ఇంజన్‌కు చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా వంక దొరకలేదు. కొని, రెండు రోజులు తానే తోలుకొచ్చాడు. దారిలో టోల్‌గేట్ల దగ్గర మనుషులు ముక్కు మూసుకుంటుంటే, అది ఆ వైపు జనం అలవాటు కాబోలు అనుకున్నాడు.

ఇంటి ముందు బండి ఆపి, దాని వెనక తలుపు దించి, పామూరు సంతకని నలభై గొర్రెల్ని తోలితే ఒక్కటీ ఎక్కలేదు. ముందున్న పొట్టేలు చెక్క వాసన చూసి వెనక్కి గెంతింది.

“ఏంది వీటి రోగం? బండి బంగారం మాదిరుంటే!”

భార్య గురమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. “చేపలు మోసిన బండి మామా ఇది. వీధి చివరికి కొడతాంది. ఎట్ల తెచ్చినావు?”

ఏడుకొండలు లోపలికి తల పెట్టి గట్టిగా పీల్చాడు. పొగాకు ఘాటు తప్ప ఏమీ తగల్లేదు. మళ్లీ పొడిడబ్బీ తీశాడు.

“గొర్రెలక్కూడా తలా చిటికెడు పెట్టు,” అంది గురమ్మ. “అవీ ఎక్కుతాయి.”