పెంగ్విన్ల అవతల పెండ్లిచూపులు

ఆ రోజుల్లో అంటే లాంతర్ల కాలం అనుకునేరు. నాకు పద్దెనిమిదేండ్లు, చేతిల స్మార్ట్‌ఫోన్, నెత్తిల అందరికంటె ఎక్కువ తెలివి ఉన్న రోజులవి. మా పెద్దమ్మ బిడ్డకు, అంటే మా అక్కకు, పెండ్లిచూపులు జూల పెట్టిండ్రు. నవ్వకుండ్రి. భివండిల మా ఇల్లు నాగావ్ దిక్కు, బట్ట నేసే సాంచాల కార్ఖానా మీద. కింద సాంచాలు నడుస్తుంటె పైన పిల్ల తన పేరు చెప్పినా పిల్లగానికి వినబడది. (శుక్రవారం సాంచాలు బంద్, కానీ కరెంటు కూడ బంద్. చెమటల నానిన పిల్లను ఎవరు చూస్తరు?) ఫోటో చూసిన కాన్నుంచి అక్క ఉత్తగనే నవ్వుతున్నది. అందుకె ఈ సంబంధం తప్పొద్దని ఇంటిల్లిపాదికీ గుబులు.

జూల ప్రతి జంతువుకు దాని సొంతూరు కట్టిచ్చిండ్రు: పులికి అడవి, ఎలుగుబంటికి రాళ్లగుట్ట, పెంగ్విన్లకు మంచు. (మా తాతలు భివండికొచ్చినప్పుడు మాకెవరూ కరీంనగర్ కట్టియ్యలె.) పెంగ్విన్ల హాలు నడిమిట్ల పెద్ద అద్దాల గది. ముందుగాల దూరంకెల్లి చూసుకుందమని దానికి అటుపక్క పిల్లగాడు, వాళ్లమ్మ, ఇటుపక్క మేము. వాళ్లది ధామన్కర్ నాకా కాడ చీరల దుకాణం.

"ఇగ ఏమన్నా మాట్లాడుకోండ్రి, అద్దం మందం, అటు వినబడది" అని నేనే భరోసా ఇచ్చిన.

మా పెద్దమ్మకు చెవులతోని పనేంది? సాంచాల మోతల బతికిన మనిషి, పెదవులు చూసి మాట పట్టుకుంటది. అద్దం అవతల పిల్లగాని తల్లి నోరు కదిలింది. పెద్దమ్మ మొఖం పాలిపోయింది.

"ఏమంటున్నదో చూసినవురా? 'పిల్ల పుల్ల లెక్కుంది, తిండి పెడుతలేరా' అంటున్నది!"

"అబద్ధమైతె కాదు కద పెద్దమ్మా."

"నువ్ నోర్ముయ్. ఆమె కొడుకు మాత్రం ఏం గొప్ప? ఆ నడక చూడు! లోపటి పెంగ్విన్ కూడ అచ్చం గట్లనే నడుస్తున్నది!"

అవతల ఆ తల్లి నోరు తెరిచింది తెరిచినట్టె ఉండిపోయింది. చెయ్యి నడుము మీదికి పోయింది. పెదవులు మెల్లగ, ఒక్కొక్క మాటగ కదిలినయ్: "నా కొడుకు... పెంగ్వినా?" ఆ మాట నాక్కూడ సమజయ్యింది.

దుకాణం పెట్టకముందు ఆమె కూడ సాంచాలు నడిపిందట. ఈ ముచ్చట మాకు ఎవ్వరూ చెప్పలె. పెద్దమ్మ కొయ్యబారింది, అక్క కండ్లల్ల నీళ్లు, నా తెలివి ఎటు పోయిందో తెల్వది. ఆ హాలుల నిమ్మలంగ ఉన్నయి పెంగ్విన్లే.

గప్పుడు పిల్లగాడు కదిలిండు. చేతులు రెండు పక్కలకు ఆనిచ్చి, అటు ఇటు ఊగుకుంట, సక్కగ పెంగ్విన్ లెక్కనే అద్దం కాడికొచ్చిండు! అక్క దిక్కు చూసి, సప్పుడు లేకుంట అడిగిండు: "వడాపావ్ తింటవా?"

అక్క కండ్లు తుడుచుకుని, పెదవులతోనే చెప్పింది: "రెండు."

ఇద్దరు తల్లులూ చదివిండ్రు. అవతలామె ముందు నవ్వింది.

ఇప్పుడు అక్కబావల కొట్లాటలన్నీ పెదవులతోనే. పక్కింటోళ్లు మాత్రం వీళ్లను ఆదర్శ దంపతులంటరు. ఈ ఆదివారం నాకు చూపులు. ఏడ పెట్టాల్నని పెద్దమ్మ అడిగితె "ఏనుగుల తాన, అక్కడ అద్దం ఉండది" అన్న. అన్నగని, పొద్దుగాల తలుపేసుకుని, బీరువ అద్దం ముందర కొంచెం నడిచి చూసుకున్న. బావనే నయం.