పూత లేని గోడలకు గృహప్రవేశం

పోయిన వారం ఆర్.కె.పేట నుంచి కబురు వచ్చింది. మా మేనత్త పోయింది. పొద్దున కాఫీ తాగి, అరుగుమీద కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట. ఈ మణవాళనగర్‌లో మాకంటూ ఒక ఇల్లు ఉందంటే అది ఆమె చలవే. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

స్థలమైతే కొన్నాం గానీ ఇల్లు మొదలుపెట్టాలంటే నాకూ, నా భార్యకూ భయం. మేం దాచినదీ, బ్యాంకు ఇస్తానన్నదీ కలిపినా ఇంజనీరు గీసిన ప్లానుకు చాలదు. మా వీధిలోనే ఒకాయన ఇల్లు గోడల దగ్గర ఆగిపోయి, గదుల్లో పిచ్చిచెట్లు మొలిచాయి. చిన్న వయసులోనే భర్త పోయినా, సేద్యం చేసుకుంటూ ఊళ్ళో సొంతిల్లు కట్టుకున్న మనిషి మేనత్త. ఆమెను పిలిపించాం.

వచ్చినరోజే స్థలంలో ముగ్గుపిండితో గదులన్నీ గీయించింది. ఆ గీతల మధ్య వంట చేసినట్టు, బట్టలు ఆరేసినట్టు తిరిగి తిరిగి చూసింది. ముందువైపు స్తంభాలకని గీసిన గుర్తుల దగ్గర ఆగింది.

"ఇవి ఎవురికిరా?"

"అందానికత్తా."

"అందం రోడ్డున పొయ్యేవాళ్ళకి, అప్పు నీకా? తీసెయ్. పునాది మాత్రం బాగా ఎత్తు లేపించు. రంగు ఎప్పుడైనా కొట్టుకోవచ్చు, పునాది మళ్ళా ఎయ్యలేవు."

తర్వాత మా డబ్బులో నాలుగో వంతు పక్కన పెట్టించింది. "ఇది లేనే లేదనుకోండి" అంది.

గోడలు కిటికీల పైకి లేచేసరికి ఇనుము, సిమెంటు ధరలు మండిపోయాయి. మేస్త్రి చేతులెత్తేశాడు. తెలిసినవాళ్ళ దగ్గర వడ్డీకి తెద్దామని నేను సిద్ధమయ్యాను. సంగతి తెలిసి మేనత్త తిరుత్తణిలో రైలెక్కి వచ్చేసింది.

"ఆ లేదనుకున్న దుడ్డు ఇప్పుడు తియ్‌రా. ముందు కప్పు పడనీ. పూత, టైల్సు, లోపలి తలుపులు అన్నీ నిలిపెయ్యండి."

నా భార్యకు కళ్ళనీళ్ళు వచ్చాయి. "పూత లేని ఇంటికి చుట్టాల్ని ఎట్ల పిలిచేది పెద్దమ్మా?"

"పిలువు తల్లీ. ఎవురు నవ్వినా బదులు నేను చెప్తా."

కప్పు పడింది. గృహప్రవేశం రోజున ఇటుకలు ఇటుకలుగానే కనిపిస్తున్నాయి. గదులకు తలుపుల బదులు మేనత్త పాత చీరలు వేలాడుతున్నాయి. భోజనాల దగ్గర మా బావ ఒకాయన అడగనే అడిగాడు. "ఏం పెద్దమ్మా, మీవోడికి దుడ్డు అయిపోయినట్టుండాదే?"

మేనత్త సాంబారు గరిటెతోనే తిరిగింది. "అవును నాయినా, దుడ్డు అయిపోయింది. ఇల్లూ అయిపోయింది. రెండూ ఒగే దినం అయిపోయినాయి సూడు! నీకు తెలిసినోళ్ళల్లో ఎవురికన్నా అట్ల అయిందా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నా భార్యే.

తర్వాతి బోనసుతో పూత వచ్చింది, ఆపైన టైల్సు వచ్చాయి. బ్యాంకు వాయిదా ఒక్కటీ తప్పలేదు. పెద్ద వానలకు వీధంతా నీళ్ళు నిలిచిన ఏడాది, పక్కింటివాళ్ళు పిల్లలతో సహా మా ఇంట్లోనే తలదాచుకున్నారు.

ఆమెను తలుచుకుంటే నాకు ఆ గృహప్రవేశం మధ్యాహ్నమే కళ్ళముందుకు వస్తుంది. "మొట్టమాడి మీద గాలి సూద్దురు రాండి" అంటూ చుట్టాలందరినీ మిద్దెమీదికి ఎక్కించింది. పిట్టగోడకు అప్పటికి డబ్బు లేదు. పిల్లలెవరూ అంచుకు పోకుండా మేనత్తే రెండు చేతులూ బార్లా చాచి అడ్డంగా నిలబడింది. వెనకాల చెన్నై వెళ్ళే రైలు పోతోంది. ఆమె ముఖమంతా వెలుగు.